బెల్టు మీద నాచుసంచి

మా మర్టిల్ వదిన వ్యానులో పసిపిల్లల్ని ఎక్కించాలంటే ముందు వాళ్ళ కోటు విప్పాలి. అదీ జనవరిలో, ఊపిరి వదిలితే కనురెప్పల మీదే గడ్డకట్టే చలిలో. ఎవరైనా తల్లి పిల్లాణ్ణి దిండులా చుట్టి తెచ్చి సీటులో కుదెయ్యబోతే ఆవిడ చెయ్యి అడ్డం పెట్టి, "విప్పు" అంటుంది. అంతే, ఇంకో మాట ఉండదు. నచ్చితే ఎక్కు, నచ్చకపోతే నడిచి పో.

మా పైక్ నారోస్‌లో నర్సులుండే చిన్న క్లినిక్ ఉంది గానీ ఆసుపత్రి లేదు. జబ్బు కాస్త ముదిరిందంటే సాస్కటూన్ నగరానికి పోవాల్సిందే. తెల్లారి బయల్దేరితే మధ్యాహ్నం దాటాక చేరతాం. ఆ దారిలో రోగుల్ని తిప్పే వ్యాను మా వదినది. మావారికి అక్క. మొగుడు పోయాక మా ఇంట్లోనే మకాం పెట్టింది. ఆవిడతోపాటు పిల్లల సీట్లు కూడా మకాం పెట్టాయి. రాత్రిళ్ళు వాటిని వ్యానులో వదలదు. బకిల్ మంచుముక్కైపోతుందట, పసివాళ్ళ తొడకు తగిలితే ప్రాణం జివ్వుమంటుందట. అందుకని మా పొయ్యి పక్కన వరసగా పేర్చిపెడుతుంది. పొద్దున్నే టీ పెట్టుకుందామని వెళ్తే నా కాలి వేలు మొదట పలకరించేది వాటినే.

"వీటిక్కూడా కంచాలు పెట్టమంటావా వదినా?" అని నేనంటే, "ముందు నాకు పెట్టు" అంటుంది.

ఆవిడ పద్ధతులన్నీ ఇంతే. మనుషులు ఎక్కకముందే ఇంజిన్ తిప్పి వ్యాను లోపల వెచ్చగా చేసి ఉంచుతుంది. పిల్లలకి ఒంటికి అతుక్కునే పలచటి బట్టలు, నెత్తిన అల్లిన టోపీ, కాళ్ళకి మేజోళ్ళు. వాటి మీద బెల్టు. భుజం ఎముక దగ్గర ఆ బెల్టును రెండు వేళ్ళతో గిల్లి చూస్తుంది. వేళ్ళకు మడత దొరికితే వదులుగా ఉందని మళ్ళీ బిగిస్తుంది. దొరక్కపోతే అప్పుడు దుప్పటి, మొహానికి అడ్డం రాకుండా బెల్టు పైనుంచి. "ఉబ్బు కోటులో ఉన్నది గాలే" అంటుంది. "బండి గుద్దుకుంటే ఆ గాలి కాస్తా పోతుంది. అప్పుడు బెల్టుకీ పిల్లకీ మధ్య బెత్తెడు సందు. ఆ సందులోంచి పిల్ల ఎక్కడికి పోతుందో నువ్వు చెప్పు." ఏం చెప్తాం? నోరు మూసుకుని కోటు విప్పుతాం.

ఆవిణ్ణి పొగుడుదామని కాదు ఇదంతా. పొగిడితే నెత్తికెక్కి కూర్చునే రకం. ఎమిలీన్ కోకమ్‌కీ ఆవిడకీ గొడవ పడ్డ రోజు సంగతి చెప్పాలి, అందుకు.

కోకమ్ అంటే మా క్రీ భాషలో అమ్మమ్మ. ఎమిలీన్ కోకమ్ ఊరందరికీ అమ్మమ్మే, ఎందుకంటే ఊళ్ళో ప్రతి పసిపిల్లకీ నాచుసంచి కుట్టేది ఆవిడే. మెత్తటి దుప్పితోలు, పైన పూసల పువ్వులు. పూర్వం లోపల ఎండిన నాచు పరిచేవాళ్ళు, ఇప్పుడు మెత్తటి గుడ్డ. బిడ్డను అందులో పడుకోబెట్టి, కాళ్ళు దగ్గరికి చేర్చి, పాదాల నుంచి ఛాతీ దాకా తాడుతో అల్లి బిగిస్తారు. మొహం ఒక్కటే బయటికి కనిపిస్తుంది. మా ఊళ్ళో అందులో పడుకోకుండా పెరిగినవాళ్ళు లేరు. నేనూ అంతే, మావారూ అంతే, అంత పెద్ద మర్టిల్ వదినా అంతే.

కోకమ్ మనవరాలు షేలాకి ఆ శీతాకాలం మొదట్లో ఆడపిల్ల పుట్టింది. రోజలిన్ అని పేరు పెట్టారు. గుండెలో చిల్లు ఉందన్నారు. ఎక్కువసేపు ఏడవనివ్వొద్దని నర్సు మరీ మరీ చెప్పింది. ఏడిస్తే పెదాలు నీలంగా మారిపోయేవి. చంకనేసుకున్నా ఏడ్చేది, ఉయ్యాల ఊపినా ఏడ్చేది. నాచుసంచిలో బిగించి కట్టాక మాత్రం నిమిషంలో నిద్రపోయేది. ఆ సంచే లేకపోతే పిల్ల ఈపాటికి ఏమయ్యేదోనని కోకమ్ నమ్మకం. నిజం చెప్పాలంటే మా నమ్మకమూ అదే.

సాస్కటూన్‌లో గుండె డాక్టరు చూస్తానన్న రోజు రానే వచ్చింది. సాయంత్రానికి మంచుతుఫాను, రోడ్డు మూసేస్తారని రేడియోలో చెప్తున్నారు. పొద్దున్నే బయల్దేరి తీరాలి. నాకు కళ్ళ డాక్టరు దగ్గర పని ఉండి నేనూ వ్యానులోనే ఉన్నాను. కోకమ్ ఇంటి ముందు ఆగాం. వదిన పిల్లల సీటు పట్టుకుని లోపలికి వెళ్ళింది, వెనకాలే నేను. రోజలిన్ వంటగదిలో బల్ల మీద నాచుసంచిలో, తాడు చివరి ముడితో సహా, తయారుగా ఉంది.

"విప్పు" అంది వదిన.

"ఏంటి విప్పేది?" కోకమ్ ఆవిడ వైపు చూడనన్నా చూడలేదు. "నిన్ను కూడా ఇలాగే కట్టానే, మర్టిల్. అప్పుడు నోరు తెరవలేదు నువ్వు."

"అప్పుడు నాకు పళ్ళు లేవు కోకమ్. సంచిలో కాళ్ళు రెండూ కలిసిపోయి ఉన్నాయి. కాళ్ళ మధ్యకి రావాల్సిన బకిల్ ఎక్కడ పెట్టను, నా నెత్తిన?"

"కుక్కల బండి మీద తిప్పాను ఇదే సంచిలో పిల్లల్ని. పడవలో తిప్పాను. ఒక్కళ్ళు జారిపడ్డారా?"

"ఆ కుక్కలు గంటకి వంద కిలోమీటర్లు పరిగెత్తాయా? వాటికి ఎదురుగా దుంగల లారీలు వచ్చాయా?"

"సంచి లేకపోతే ఏడుస్తుంది. ఏడిస్తే ఏమవుతుందో తెలుసా నీకు? తెలిసే మాట్లాడుతున్నావా?"

"బెల్టు సరిగ్గా లేకపోతే ఏమవుతుందో నాకు తెలుసు. నేను బండి తియ్యను."

ఇద్దరూ మొండిఘటాలే. బయట ఇంజిన్ తిరుగుతోంది, పైన మబ్బు దిగుతోంది, మధ్యలో షేలా ఒకసారి అమ్మమ్మనీ ఒకసారి వదిననీ చూస్తోంది. నాకు ఒళ్ళు మండింది. "అక్కడ డాక్టరు మీ ఇద్దరి పంచాయితీ తెగేదాకా కూర్చుంటుందా?" అని అరిచాను. నా మాట ఎవరికి కావాలి?

వదిన వంటగది చుట్టూ చూసింది. రొట్టెల కోసం తెచ్చిపెట్టుకున్న పిండి సంచి, కాగితపుది, మూతి కూడా విప్పనిది, గోడవార ఉంది. దాదాపు రోజలిన్ అంత బరువే. "పాపని షేలాకివ్వు కోకమ్. ఈ పిండిని నీ సంచిలో కట్టు. నీకు వచ్చినంత గట్టిగా కట్టు."

పంతానికి పోయి కోకమ్ కట్టింది. ఎలా కట్టిందనుకున్నారు! పిండికి జలుబు చేస్తుందేమో అన్నట్టు, తల వైపు గుడ్డ కూడా మడిచి మరీ కట్టింది. వదిన దాన్ని సీటులో పెట్టి, భుజాల బెల్టులు పైనుంచి లాగి బిగించింది. కాళ్ళ మధ్య బకిల్‌కి దారి లేదు కాబట్టి అది సంచి కిందే ఉండిపోయింది. పసిపిల్లల సీటు వెనక్కి తిరిగి ఉంటుంది, అంటే పిల్ల తల వైపే బండి ముందు వైపు. "బెర్నిస్, ఆ పక్క పట్టుకో" అంది నాతో. ఇద్దరం సీటు ఎత్తి, తల వైపు ముందుండేలా ఊపి, గోడ దగ్గర టక్కున ఆపాం.

సీటు ఆగింది. నాచుసంచి ఆగలేదు. బెల్టుల కిందనుంచి జారి, ఎగిరి, పొయ్యి అంచుకు కొట్టుకుంది. కోకమ్ ముడి ఒక్కటి కూడా ఊడలేదు, లోపలి కాగితం మాత్రం పగిలింది. వంటగదంతా పిండి. కోకమ్ కనుబొమలు తెల్లబడ్డాయి. వదిన జుట్టు తెల్లబడింది. ఇంకో రోజైతే నేను పడీపడీ నవ్వేదాన్ని. షేలా మొహం చూసి ఊరుకున్నాను. పాపని గుండెకి హత్తుకుని ఆ పొయ్యి అంచు వంకే చూస్తోంది. అక్కడ పడింది పిండి అని ఆ తల్లికి తోచడం లేదు.

కోకమ్ వంగి సంచి తీసుకుంది. దులిపింది. కోటు తొడుక్కుని వ్యాను దాకా వచ్చింది.

వ్యానులో వెచ్చగా ఉంది. వదిన రోజలిన్‌ని పలచటి బట్టల్లో కూర్చోబెట్టి, కాళ్ళ మధ్య బకిల్ పెట్టి, బెల్టు బిగించి, భుజం దగ్గర గిల్లి చూసింది. మడత దొరకలేదు. సరిగ్గా ఉంది. అంతా సరిగ్గా ఉంది గానీ, పిల్ల నోరు తెరిచింది. చేతులు గాల్లోకి విదిలిస్తూ, కాళ్ళు తన్నుకుంటూ, ఊపిరి తిప్పుకోకుండా ఒకటే ఏడుపు. వదిన పైన దుప్పటి కప్పింది. తన్నేసింది. షేలా పాలసీసా పెట్టింది. ఉమ్మేసింది. పెదాల రంగు మారడం నా మసక కళ్ళకి కూడా కనిపించింది.

"తీసెయ్యండి, తీసెయ్యండి!" అంది షేలా.

ఎప్పుడూ తడబడని మా వదిన చెయ్యి బకిల్ మీదికి వెళ్ళి అక్కడే ఆగిపోయింది. విప్పితే ఒక భయం, విప్పకపోతే ఒక భయం. ఆవిడ మొహం అలా ఉండగా నేను అంతకుముందు చూడలేదు, తర్వాతా చూడలేదు.

"ఉండు, విప్పకు" అంది కోకమ్.

వ్యానులోకి ఎక్కి మోకాళ్ళ మీద కూర్చుంది. నాచుసంచి తాడంతా లాగి పారేసింది. సంచిని తిరగేసి, తాడు అల్లే వైపు పిల్ల మీదికి, వీపు పైకి వచ్చేలా పట్టుకుంది. ముందు పాదాలు రెండూ దాని అడుగున దూర్చింది. తర్వాత దాన్ని బెల్టుల పైనుంచి ఛాతీ దాకా తెచ్చి, చేతులు లోపలికి సర్ది, రెండు అంచులూ పక్కల్లోకి గట్టిగా కుక్కింది. వీపు వెనక్కి ఏమీ పోనివ్వలేదు. వదిన వేళ్ళతో తడిమి చూసి తలూపింది. కోకమ్ అరచెయ్యి పిల్ల పొట్ట మీద ఆనించి, గొంతులోనే ఏదో కూనిరాగం తీసింది. ఏడుపు ఎక్కిళ్ళలోకి దిగింది. ఎక్కిళ్ళు ఆవలింతలోకి దిగాయి. పెదాలకి రంగు వచ్చింది.

కోకమ్ షేలా చెయ్యి లాగి తన చెయ్యి ఉన్నచోట పెట్టింది. "ఇక్కడ. ఇంత బరువు. ఎవరో పట్టుకున్నట్టు తెలియాలి దానికి, అంతే. దారంతా తియ్యకు."

"నువ్వూ రా అమ్మమ్మా."

"నేనెందుకు? ఇంట్లో పిండి ఎత్తాలి." దిగుతూ వదిన భుజం మీద ఒక్కటి చరిచింది. "పోనియ్యి. మెల్లగా పోనియ్యి."

దారిలో ఏం జరిగిందని అడుగుతారేమో. ఏమీ జరగలేదు. మా వదిన దారుల్లో ఎప్పుడూ ఏమీ జరగదు, అదే ఆవిడ గొప్ప. తుఫాను మా వెనకెక్కడో రోడ్డు మూసింది, మేము మాత్రం చేరాం. గుండె డాక్టరు చూసి ఇక ఇంటికి పంపేది లేదంది, ఆపరేషన్ తప్పదంది. షేలా పాపతో అక్కడే ఉండిపోయింది. రోడ్డు తెరిచాక తిరుగుదారిలో వ్యానులో పిల్లల సీటు ఖాళీ. వదిన దాంట్లో కోకమ్ కోసం కొత్త పిండి సంచి పెట్టి, బెల్టు వేసి తెచ్చింది. కోకమ్ తన గుమ్మం ముందే వ్యాను తలుపు తెరిచి, ఆ బెల్టును రెండు వేళ్ళతో గిల్లింది.

"వదులుగా ఉందే, మర్టిల్. నా పిల్లని ఇలాగేనా తీసుకెళ్ళావు?"

వదిన గబుక్కున వంగి ఆ బెల్టు బిగించింది. ఆ ఒక్క మాటకి కోకమ్‌ని నెత్తిన పెట్టుకుని తిప్పాలనిపించింది నాకు. అన్నాక ఆ ముసలావిడ పిండి సంచి ఒళ్ళో పెట్టుకుని అక్కడే మెట్ల మీద కూర్చుని ఏడ్చింది. వదిన కూడా పక్కన కూర్చుంది. చలికి ఇద్దరికీ ముక్కులు ఎర్రబడేదాకా ఎవరూ లేవలేదు.

మార్చిలో, ఆపరేషన్ బాగా అయింది, పిల్లని తీసుకుపొమ్మని కబురొచ్చింది. ఇంకా సరస్సు కరగలేదు, చలి చలిలాగే ఉంది. ఈసారి కోకమ్ వచ్చింది, కొత్తగా కుట్టిన నాచుసంచి చంకలో పెట్టుకుని. నా కొత్త కళ్ళద్దాలు తెచ్చుకోవాలి కాబట్టి నేనూ ఎక్కాను. ఆసుపత్రి తలుపు దగ్గర షేలా రోజలిన్‌ని అందించింది. బుగ్గలు వచ్చాయి పిల్లకి. కోకమ్ ఎవర్నీ దగ్గరికి రానివ్వకుండా తనే సీటులో కూర్చోబెట్టి, తనే బకిల్ పెట్టి, తనే బిగించింది. వదిన గిల్లి చూసింది. మడత దొరకలేదు.

పిల్ల నోరు తెరిచింది. ఓరి దేవుడో, ఆ ఏడుపు! వ్యాను అద్దాలు అదిరాయి. షేలా చటుక్కున నాచుసంచి కోసం చెయ్యి చాపింది. కోకమ్ ఇవ్వలేదు. సంచిని మడిచి తన ఒళ్ళోనే పెట్టుకుని, పిల్ల మొహంలోకి వంగి చూసింది.

"కాసేపు ఏడవనీ" అంది. "చూడు, పెదాలు ఎంత ఎర్రగా ఉన్నాయో."