యెస్ అనే ముందు

మేస్త్రి పోయాడన్న కబురు వచ్చినప్పుడు నేను సూర్యాపేటలో ఒక బియ్యం మిల్లులో, పాలిషర్ పక్కన నిలబడి ఉన్నాను. మిషను హోరులో ఫోను సరిగ్గా వినబడక బయటికి వచ్చి, ఊక కుప్ప దగ్గర నిలబడి మళ్లీ చెప్పమన్నాను. ఫోను చేసింది మిర్యాలగూడలో ఆయన పక్కింట్లో ఉండే లారీ డ్రైవరు. అతను మళ్లీ చెప్పాడు. "మేస్త్రి పోయాడంటున్నావ్. పొద్దున్నే ఛాతీలో నొప్పన్నాడు, ఆస్పత్రికి తీసుకెళ్లేలోపే అయిపోయింది. అంతేనా?" అన్నాను. "గంతేనన్నా" అన్నాడతను.

ఎవరేం చెప్పినా దాన్ని నా మాటల్లో తిరిగి వాళ్లకే చెప్పి, సరిగ్గా అర్థమైందో లేదో చూసుకోవడం నా అలవాటు. అది నాకు అంటించింది మేస్త్రే. ఆయన చావు కబురును కూడా అలా అప్పజెప్పినందుకు నా మీద నాకే కోపం వచ్చింది. ఈ అలవాటు ఎక్కడ, ఎందుకు అంటుకుందో ఇన్నేళ్లూ ఎవరికీ చెప్పలేదు. చెప్పొద్దని ఆయనే అన్నాడు. ఇప్పుడు ఆపడానికి ఆయన లేడు కాబట్టి చెబుతున్నాను.

మిర్యాలగూడ మిల్లుల సంగతి తెలిసినవాళ్లకు ఆయన్ని పరిచయం చేయక్కర్లేదు. తెలియనివాళ్ల కోసం రెండు మాటలు. పాలకీడు వైపు ఒక చిన్న రైతు కుటుంబంలో పుట్టి, ఏడో తరగతితో బడి మానేసి, మిల్లులో బస్తాలు మోసే పనికి వచ్చిన మనిషి. మోస్తూనే మిషన్ల వైపు చూస్తూ చూస్తూ, వాటిని బిగించే ఫిట్టరయ్యాడు. వడ్లగింజను పంటి కింద కొరికి ఎంత ఆరిందో చెప్పేవాడు. తేమ కొలిచే మీటర్లు వచ్చాక కూడా కొందరు యజమానులు ముందు ఆయన్నే కొరకమనేవారు. చొక్కా జేబులో ఎప్పుడూ గుప్పెడు బియ్యం ఉండేవి. చొక్కా ఉతికే ముందు వాటిని తీసి పక్కన పెట్టడం వదినకు రోజూ ఒక పని. నేనాయన్ని అన్నా అని పిలిచేవాణ్ని కాబట్టి ఆయన భార్య నాకు వదిన.

పన్నెండేళ్ల కిందట ఒక మిషన్ల కంపెనీ ఘానా దేశంలో మిల్లు పెట్టించి, దాన్ని బిగించి నడపడానికి ఆయన్నీ, ఆయనకు తోడుగా నన్నూ పంపింది. నాది కోదాడ. పాలిటెక్నిక్ డిప్లొమా, ఇంగ్లీషు మీడియం సర్టిఫికెట్టు ఉన్నవాణ్ని. విమానంలో ఆయన కాగితాలన్నీ నేనే నింపాను. "నీ ఇంగ్లీషు ఉండంగ నాకేం ఫికర్ తమ్మీ" అని ఆయన హాయిగా నిద్రపోయాడు. పక్క సీట్లో నేను కాలర్ ఎగరేయడం ఒక్కటే తక్కువ.

నాకు వచ్చింది పరీక్షలో రాసే ఇంగ్లీషని అక్కడ దిగాక తెలిసింది. ఎదుటి మనిషి నోరు తెరిస్తే నా చెవికి ఏదీ పట్టేది కాదు. వాళ్ల యాస వేరు, వేగం వేరు. మళ్లీ చెప్పండి అని అడిగితే డిప్లొమా పరువు పోతుందని నా భయం. అందుకని ఎవరేం చెప్పినా యెస్ అనేవాణ్ని. అంటూ మన అలవాటు కొద్దీ తలను అటూ ఇటూ ఆడించేవాణ్ని. ఆ ఊపుడు వాళ్లకు కాదన్నట్టు కనిపిస్తుందట. మిల్లు మేనేజరు ఒక పెద్దావిడ. మొదటి వారంలోనే నన్ను ఆపి, నీ నోటిని నమ్మాలా, తలను నమ్మాలా అని అడిగింది. దానికి కూడా యెస్ అన్నాను.

మేస్త్రి తీరు వేరు. సాయంత్రం పని దిగగానే సంచీ పట్టుకుని మార్కెట్టుకు బయల్దేరేవాడు. ఒక టమాటా చేతికి తీసుకుని ఇది ఎక్కడ పండుతుంది, ఎన్ని రోజులు నిలవుంటుంది అని తనకున్న నాలుగు ఇంగ్లీషు ముక్కలతోనే అడిగేవాడు. అమ్మే ఆడవాళ్లు పడీ పడీ నవ్వేవాళ్లు. ఆయనా వాళ్లతో పాటు నవ్వి, మళ్లీ అదే ప్రశ్న అడిగేవాడు. వాళ్లకూ ఇంగ్లీషు బడిలో నేర్చుకున్న భాషే. ఇంట్లో మాట్లాడుకునేది వేరే. ఇది నాకు ఏడాదికి గానీ తలకెక్కలేదు, ఆయన మాత్రం మొదటి వారంలోనే కనిపెట్టాడు. "గాళ్లకూ అది కిరాయి ఇల్లే, మనకూ కిరాయి ఇల్లే. ఇగ సిగ్గేంది?" అన్నాడు.

గదికి వచ్చాక జేబులోని బియ్యం నా అరచేతిలో పోసి, వీటి గురించి ఇంగ్లీషులో మాట్లాడమనేవాడు. ఇవి నిండు గింజలు, ఇవి నూకలు, ఇది వడ్లుగా ఉన్నప్పుడు సరిగ్గా ఉడకలేదు, దీనికి పాలిష్ ఎక్కువైంది. అంతవరకే. నేను వాతావరణం గురించో, దేశాల గురించో పుస్తకంలో చదివింది ఎత్తుకుంటే ఆపేవాడు. "చేతుల ఉన్నదాని గురించి ముందు మాట్లాడు. దునియా గురించి తర్వాత" అనేవాడు.

ఆయన్ని దేవుణ్ని చేయడం నాకిష్టం లేదు. గురక పెడితే గోడ అవతలి వాళ్లు లేచేవాళ్లు. ఏ కూరలోనైనా చింతపండు పోసేవాడు, వద్దంటే అలిగేవాడు. నా మాట తీరు విని కోదాడోళ్లు సగం ఆంధ్రోళ్లని ఏడిపించేవాడు. ఇంగ్లీషులో నిన్నకూ రేపుకూ ఆయనకు తేడా లేదు. "టుమారో ఐ కేమ్" అని చెప్పి, మర్నాడు ఠంచనుగా హాజరయ్యేవాడు. ఎవరికీ అర్థం కాకుండా పోయింది లేదు.

ఇక చెప్పాల్సింది చెబుతాను. మేం వెళ్లిన మూడో నెలలో ఒక మధ్యాహ్నం, వడ్లను పైకి తోడే ఎలివేటరు అడుగున గింజ ఇరుక్కుని ఆగిపోయింది. మేస్త్రి కింద గుంటలోకి దిగి, అడుగు మూత విప్పి, చెయ్యి లోపల పెట్టి గింజ తీస్తున్నాడు. నేను పైన స్విచ్ బోర్డు దగ్గర ఉన్నాను. అక్కడి నుంచి గుంట కనబడదు. మిల్లు ఎలక్ట్రీషియన్, ఆ ఊరివాడే, గుంట వైపు నుంచి వచ్చి నాతో గడగడా ఏదో చెప్పాడు. మేస్త్రి చెయ్యి ఇంకా లోపలే ఉంది, నేను తిరిగొచ్చి చెప్పేదాకా స్విచ్ వెయ్యకు అన్నాడని తర్వాత తెలిసింది. అప్పుడు మాత్రం నాకేమీ అర్థం కాలేదు. యెస్, యెస్ అన్నాను. నా మాట నమ్మి అతను వైరు తేవడానికి వెళ్లాడు. కింద పని అయిందని చెప్పడానికే వచ్చి ఉంటాడని నాకు నేనే అనుకున్నాను. కాసేపు ఆగి స్విచ్ వేశాను.

ఆ కేక గురించి రాయలేను. మేస్త్రి కుడిచేతి చూపుడు వేలు రెండు కణుపుల దాకా పోయింది.

మర్నాడు మేనేజరు మా ముగ్గురినీ తన గదిలో నిలబెట్టి ఏం జరిగిందని అడిగింది. తప్పు నాదని తేలితే ఇంటికి పంపేస్తారని నాకు తెలుసు. నేను నోరు విప్పకముందే మేస్త్రి కట్టు కట్టిన చెయ్యి పైకెత్తాడు. స్విచ్ వెయ్యమని నేనే అరిచాను, చెయ్యి తియ్యడం మరిచిపోయాను అని తన ఇంగ్లీషులో చెప్పాడు. ఎలక్ట్రీషియన్ నా వైపు చూశాడు, ఏమీ అనలేదు.  ఆ నిమిషం నేనూ నోరు విప్పనందుకు ఇవాళ్టికీ సిగ్గుపడుతున్నాను.

గదికి వచ్చాక మేస్త్రి మంచం మీద కూర్చుని నన్ను ఎదురుగా కూర్చోమన్నాడు.

"గాయన నీకేం చెప్పిండు?"

"అర్థం కాలేదన్నా."

"మరి యెస్ ఎందుకన్నవ్?"

"సిగ్గేసింది."

 తిడితే బాగుండునని చూశాను. "నా ఏలైతే మళ్ల రాదు తమ్మీ. నీ సిగ్గన్నా పోవాలె" అన్నాడు. "రేపటి సంది అర్థమైందనకు. ఏమర్థమైందో చెప్పు. గాళ్లు అవునన్నంకనే నువ్వు యెస్ అను."

మొదటి రోజులు నరకం. ఎలక్ట్రీషియన్ ఏదైనా చెప్పి, చేతులు కట్టుకుని నిలబడేవాడు. నేను దాన్ని నా ఇంగ్లీషులో తిరిగి చెప్పాలి. సగం తప్పు పోయేది. అతను మళ్లీ చెప్పేవాడు, నేను మళ్లీ అప్పజెప్పేవాణ్ని. చుట్టూ ఉన్నవాళ్లు నవ్వితే మేస్త్రిని తలుచుకుని నేనూ నవ్వడం నేర్చుకున్నాను. తిరిగి చెప్పాల్సి ఉంటుందని తెలిసినప్పుడు మనిషి వినే తీరే మారిపోతుంది. ఎక్కడ అర్థం కాలేదో అక్కడే పట్టుకుని అడుగుతాం. వాళ్ల మాటలు కొన్ని మన నోట్లో మిగిలిపోతాయి. ఏడాది తిరిగేసరికి బియ్యం కొనడానికి వచ్చినవాళ్లతో నేనే మాట్లాడేవాణ్ని. మేనేజరు ఈ పద్ధతి చూసి మిల్లులో అందరికీ పెట్టింది. ఇవాళ నేను సూర్యాపేటలో కూర్చుని వేరే దేశాల మిల్లులవాళ్లకు ఫోనులో మిషన్లు ఎలా బాగు చేసుకోవాలో చెబుతున్నానంటే కారణం అదే. పరాయి దేశంలో నాకు నిజంగా ఇంగ్లీషు వచ్చింది ఆ మూడో నెల తర్వాతే.

నాలుగేళ్లకు ఇద్దరం తిరిగి వచ్చాం. మిర్యాలగూడలో మాత్రం కథ ఆయన చెప్పినట్టే నిలిచిపోయింది. చెయ్యి లోపల పెట్టి స్విచ్ వెయ్యమన్న మేస్త్రి అని పేరు పడింది. కొత్త మిల్లు బిగించే పెద్ద పనులకు కొందరు ఆయన్ని పిలవడం మానేశారు. చిన్నా చితకా రిపేర్లకు మాత్రం కబురు చేసేవాళ్లు. అంత పనితనం ఉన్న మనిషి మీద ఆ మచ్చ పడింది నా వల్ల. అది తెలిసీ ఊరుకున్నాను.

చొక్కా గుండీలు పెట్టుకోవడం ఆయనకు కష్టమయ్యేది. పొద్దున్నే వదిన పెట్టేది, పెడుతూ తిట్టేది. ఒకసారి నేనక్కడే ఉన్నాను. "కండ్లు ఏడ వెట్టినవయ్యా గా దినం?" అంటోంది ఆమె. నేను నోరు తెరవబోతే ఆయన నా కోసం టీ పెట్టమని ఆమెను లోపలికి పంపేశాడు. తర్వాత బస్టాండు దాకా నాతో నడిచి వచ్చి, "చెప్తే నా ఏలొస్తదా? నువ్వు మా ఇంటికి వచ్చుడు బంద్ అయితది. నాకు గదే నష్టం" అన్నాడు. బస్సు ఎక్కాక కోదాడ దాకా ఏడుస్తూనే ఉన్నాను.

తర్వాతి కాలంలో ఆయన ఇంటి అరుగు ఒక బడిలా తయారైంది. ఆఫ్రికా దేశాల మిల్లులకు పనికి వెళ్లేవాళ్లు, మోతె నుంచి, వాడపల్లి నుంచి, వెళ్లే ముందు వారం పది రోజులు వచ్చి కూర్చునేవాళ్లు. అరచేతిలో బియ్యం పోసి మాట్లాడమనడం, ఎవరైనా యెస్ అంటే "ఏం యెస్?" అని నిలదీయడం, అంతా అదే పద్ధతి. వేలు ఎట్ల పోయిందని ఎవరైనా అడిగితే, సిగ్గు కొరికింది అనేవాడు. వాళ్లు నవ్వేవాళ్లు. ఎవరి సిగ్గో ఎప్పుడూ చెప్పలేదు.

పదకొండో రోజు కర్మకు వెళ్లాను. దండ వేసిన ఫొటోలో ఆయన ముఖం మాత్రమే ఉంది. చుట్టాలంతా వెళ్లిపోయాక వదిన వాకిట్లో చేట ముందేసుకుని బియ్యంలో రాళ్లు ఏరుతోంది. ఎదురుగా కూర్చుని మొత్తం చెప్పాను. గుంట, స్విచ్ బోర్డు, నా యెస్, మేనేజరు గదిలో ఆయన ఎత్తిన చెయ్యి. ఆమె వేళ్లు చేటలో ఆగిపోయాయి.  నేను చెప్పడం అయ్యాక మెల్లగా మొదలుపెట్టింది.

"చెయ్యి లోపలున్నదని గాయన నీకు చెప్పిండు. నీకు సమజ్ కాలె. అయినా యెస్ అన్నవ్. స్విచ్ ఏసినవ్. మా ఆయన తప్పు తన మీదేసుకున్నడు. ఇన్నేండ్లు నేను తిడుతుంటే నువ్వు గీడ కూసోని ఇన్నవ్. గంతేనా?"

కూర్చుని విన్నానన్న ఆ చివరి మాట నేను చెప్పలేదు. ఆమే కలిపింది. అదీ నిజమే.

"అంతే వదినా" అన్నాను.

"నిన్నేమనాల్నో నాకింకా సమజ్ కాలె" అంది. "సమజైనంక చెప్త."

చేట పక్కన పెట్టి లేచి లోపలికి వెళ్లింది. పెట్టె మూత తెరిచిన చప్పుడు వినిపించింది. ఒక ఫొటో కొంగుతో తుడుస్తూ ముందు గదిలోకి తెచ్చింది. ఘానాలో, మా మిల్లు గుమ్మంలో ఎలక్ట్రీషియన్ తీసిన ఫొటో అది. పొట్టి వేలు కనబడుతుందని కోపంతో ఇన్నేళ్లూ దాన్ని పెట్టె అడుగున పడేసిందట. ముఖం ఫొటో గోడ మీద నుంచి దించి, దండ తీసి, దీన్ని ఆ మేకుకు తగిలించింది. నేను చెప్పులు వేసుకుంటూ గడప అవతలి నుంచి చూశాను. మేస్త్రి నవ్వుతూ కుడిచెయ్యి ముందుకు చాపి ఉన్నాడు. అరచేతిలో గుప్పెడు బియ్యం, వాటి పక్కన ఆ పొట్టి వేలు.