ఉత్తర కార్తెలో వంగ మొదళ్లు

యుద్ధం నడుస్తున్న రోజులు. మా ఆయనకు రేణిగుంటలో రైల్వే గుమాస్తా పని దొరికింది. స్టేషను వెనక ఒంటి గది. ఎండాకాలంలో బిడ్డను ఎత్తుకుని నెల రోజులు అక్కడ ఉన్నాను. కిటికీ మూసినా ఇంజన్ల బొగ్గుపొగ లోపలికి వచ్చేది. పసిదానికి డొక్కలు ఎగరేస్తూ ఊపిరి తీయడం అక్కడే మొదలైంది. తోటకు తిరిగివచ్చిన వారానికి తగ్గింది. అందుకే ఉత్తర కార్తె వచ్చినా వాన జాడ లేకపోయేసరికి ఇంట్లో అందరికంటే భయపడింది నేనే.

మామ ఒకే మాట పట్టుకున్నారు.

"ఉత్తర చూసి ఎత్తర గంప అన్నారు పెద్దోళ్లు. ఈ కార్తె దాటేలోపల వాన పడకపోతే తోటకు తడిక కట్టేసి అందరం వాడి దగ్గరికి రేణిగుంటకు పోతాం."

మా ఎకరా తోటలో వేసవి కాపు అయిపోయింది. బీర, కాకర తీగలు పందిట్లోనే ఎండిపోయాయి. మిగిలింది గట్లు కట్టిన నాలుగు కయ్యల వంగ. ఆకు ముదిరింది, కాయలు గోలీలంతే, వాటిలోనూ సగం పుచ్చులు. ఎద్దులను కట్టి కాసేపు కపిల తోలితే బావి అడుగు కనపడేది. ఆ నీళ్లతో కొత్త నారు బతకదు. కానీ వేరు లోతుకు దిగిన పాత చెట్లను జానెడు మొదలు ఉంచి కోసేస్తే, ఆ కాసిని నీళ్లకే చిగురించి మళ్లీ కాస్తాయి. మా కాలేజీలో టీచరమ్మ గులాబీలకు ఆ పని చేసి చూపించింది. గులాబీకి చెల్లింది వంగకు ఎందుకు చెల్లదు?

కోస్తానన్న మాట వినగానే అత్త చేట కింద పెట్టింది.

"సంకన బిడ్డుండే ఆడది పిందె మీదుండే చెట్టు కోస్తే ఏమైతాదో తెలుసునా నీకు?"

"తెలీదత్తా. చెప్పు."

"సెప్పే మాటా అది? నోట్లోంచి రాకూడదు."

మామ నవ్వినారు. "రేణిగుంటంటే నువ్వే ముందు మూట కడతావనుకుంటిమే అమ్మా. కాలేజీ సదువు సదివి వంగసెట్లు పట్టుకుని యాలాడతావుండావే."

"బిడ్డకు ఆడ ఊపిరాడదు మామా."

"ఈడ బువ్వ యాడిది?"

మరునాడు పొద్దున బిడ్డను తడిక పక్కన చీర ఉయ్యాలలో వేసి కొడవలి పట్టుకున్నాను. అత్త మాట నమ్మలేదని రాస్తే అబద్ధం. ఒక్కొక్క చెట్టు కోసి, ఉయ్యాల వైపు చూసి, తర్వాతి చెట్టుకు వంగాను. మధ్యాహ్నానికి మూడు కయ్యలు అయ్యాయి. సాయంత్రానికి బిడ్డ ఒళ్లు కాలిపోయింది.

అత్త వామాకు రసం పిండి తాగించి, నా వైపు చూడకుండా బిడ్డను ఒడిలో వేసుకుంది. తిట్టి ఉంటే బాగుండేది. ఆ రాత్రంతా బిడ్డ నుదురు తడుముతూ ఒకటే ఆలోచించాను. మిగిలిన కయ్య ఆపేస్తే ఈ జ్వరం నేనే తెచ్చానని ఒప్పుకున్నట్టు. ఒప్పుకున్నాక ఇక ఈ ఇంట్లో దేనికీ నా నోరు లేవదు. బిడ్డను ఆ పొగలోకి ఎత్తుకుపోతున్నా కూడా.

తెల్లవారగానే కొడవలి తీశాను.

"నీది బిడ్డా, బండరాయా?" అంది అత్త.

"బిడ్డే అత్తా. అందుకే పోతాండా."

నాలుగో కయ్య కూడా కోశాను. మొదళ్ల చుట్టూ తవ్వి పశువుల పెంట వేశాను. మూడో రోజుకు జ్వరం దిగింది. బిడ్డ నోట్లో వేలు పెట్టిన అత్త చురుక్కుమని వెనక్కి లాక్కుంది. "పన్ను. ఇంత రచ్చ పన్నుకా, దొంగముండా," అంది బిడ్డతో. నాతో కాదు.

ఉత్తర చివరి రోజు కూడా ఆకాశం తెల్లగానే ఉంది. మామ కయ్యల్లోకి వెళ్లి మొదళ్ల దగ్గర గొంతుకూర్చున్నారు. పుల్లల కణుపుల మీద ఊదారంగు చిగుళ్లు, ధనియాల గింజలంత, లేచి ఉన్నాయి. ఒకదాన్ని వేలితో తాకి చూశారు.

"రేపట్నించి ఏగుసుక్క ఉండంగానే కపిల కట్టాల," అన్నారు లేస్తూ. "పొద్దెక్కితే ఉండే నీళ్లు ఎండే తాగేస్తాది."

ఆ పూటే రేణిగుంటకు కార్డు రాశాను. మేము రావడం లేదు, ఆదివారం సెలవుకు మీరే రండి, పెంట మోయడానికి మనిషి కావాలి అని.