పేలాల భట్టీ కింద ఉక్కు

వంద కిలోల ఉక్కులో రెండుంబావు కిలోల క్రోమియం, ఒక కిలో మాలిబ్డినం, సుమారు నూరు గ్రాముల కర్బనం. కొంచెం మాంగనీసు, కొంచెం సిలికాన్. మిగిలినదంతా ఇనుమే. ఉద్యోగం చేసినన్నాళ్లూ ఈ లెక్క నాకు ఎక్కంలా నోటికి ఉండేది. పులుసులో ఇంగువ వేస్తున్నప్పుడు కూడా గుర్తొచ్చేది. ఇంత తక్కువ మాలిబ్డినం అంత పని ఎలా చేస్తుందా అని ఆశ్చర్యపోయేదాన్ని. ఆ ఆశ్చర్యం ఈ వయసులోనూ తగ్గలేదు.

నేను పట్నంలో బాయిలర్లు చేసే ఒక కర్మాగారపు ప్రయోగశాలలో పనిచేశాను. బాయిలర్లో ఆవిరి గొట్టాలు ఏళ్ల తరబడి మంటకు ఎదురుగా ఉంటాయి. మామూలు ఇనుము ఆ వేడికి కరగదు, విరగదు. బరువు మోస్తూ మోస్తూ, కంటికి తెలియకుండా సాగిపోతుంది. దాన్ని మేము క్రీప్ అనేవాళ్లం. ఈ ఉక్కులో క్రోమియం పైన గట్టి పొర కట్టి, గొట్టం పెచ్చులు పెచ్చులుగా ఊడిపోకుండా కాపాడుతుంది. మాలిబ్డినం కొంత ఇనుములోనే ఒదిగిపోతుంది, కొంత కర్బనంతో కలిసి సన్నని సూదుల్లాంటి రేణువులవుతుంది. రెండు విధాలా ఆ సాగుడుకు అడ్డం పడుతుంది.

ముక్కను అద్దంలా నునుపు చేసి, నైట్రిక్ ఆమ్లం కలిపిన స్పిరిటుతో తుడిచి, సూక్ష్మదర్శిని కింద పెడితే కొండమీంచి చూసిన పొలాల్లా కనిపిస్తుంది. తెల్లటి మడులు, వాటి మధ్య సన్నటి గట్లు, అక్కడక్కడ నల్లటి మడులు. నల్లటి వాటిలో కర్బన రేణువులు వత్తుగా ఉంటాయి. గొట్టం వేడిలో ముసలిదైన కొద్దీ ఆ నలుపు చెదురుతుంది, రేణువులు లావై గట్ల వెంట పూసల్లా చేరతాయి. పూసలు ఎంతవరకు చేరాయో చూసి, ఆ గొట్టం ఇంకా పనికొస్తుందో లేదో చెప్పడమే నా ఉద్యోగం.

మా కుటుంబం తొంభైలలో కోస్తా నుంచి పట్నం పక్కన మొయినాబాద్‌కు వచ్చింది. రిటైరయ్యాక అక్కడే ఉండిపోయాను. జొన్న పేలాలకు చేవెళ్ల వెళ్లేదాన్ని. అక్కడ రోడ్డు పక్కన ఒకావిడ భట్టీ ఉంది, అత్తగారి నుంచి వచ్చింది. గోతిలో ఊక మంట, దాని మీద అడ్డంగా రెండు ఇనుప గొట్టాలు, వాటి మీద ఇసుక నింపిన పెద్ద మూకుడు. కాలిన ఇసుకలో గుప్పెడు జొన్నలు వేసి తిప్పితే, చిటికెలో మల్లెమొగ్గల్లా విచ్చుకుంటాయి.

ఒకరోజు ఆవిడ జొన్నలు మధ్యలో వేస్తే, అవి ఎడమ పక్కకు జారిపోయి మాడాయి. నేను వంగి మూకుడు కిందికి చూశాను.

"ఏమైందమ్మా? గట్ల చూస్తున్నవ్?"

"గొట్టం కుంగింది."

"గదా! ప్రతి ఏడాది కుంగుతది. కొత్తది ఏపిస్త, మల్ల కుంగుతది. గీ భట్టీకి నడుము నొప్పి ఉన్నది, నా లెక్కనే."

నవ్వింది కానీ, ఆవిడ కూర్చున్న తీరు నేను గమనించాను. ఒక కాలు మడిచి, రెండోది పక్కకు చాపి, లేవడానికి సిద్ధంగా ఉన్నట్టు. చాపిన పాదం మీద మచ్చ. నిరుడు తొలి ఏకాదశికి ముందు మూకుడు ఒరిగి, కాగిన ఇసుక పాదం మీద పడిందట. దవాఖానలో పడుకుంటే పండగ బేరమంతా పోయిందట. పేలపిండి తినే పండగ అది. ఆవిడ ఏడాది బతుకు ఆ కొద్ది రోజుల్లోనే.

"ఇంకొక్కపారి గట్లయితే బంద్ వెడ్త అమ్మా. పాణం పెద్దదా, ప్యాలాలు పెద్దయా?"

ఈసారి మందపాటి గొట్టం తెచ్చానని వెనక్కి తీసుకెళ్లి చూపించింది. శంకర్‌పల్లి దారిలో పాత ఇనుము దుకాణంలో కొన్నదట. తుప్పు గీకితే, అంచున ముద్ర కొట్టిన అక్షరాలు బయటపడ్డాయి. ఆ గుర్తు నాకు కొత్త కాదు. రెండుంబావు క్రోమియం, ఒకటి మాలిబ్డినం. ఏదో బాయిలరు విప్పితే బయటికొచ్చిన గొట్టం.

ముద్ర ఉందని నమ్మే అలవాటు నాకు లేదు. చిన్న ముక్క కోయించి, నాతో పనిచేసినామె ఇప్పుడు నడుపుతున్న ల్యాబ్‌కి పంపాను. పాళ్లు సరిపోయాయి. ఇక వయసు చూడాలి. గొట్టం మీద రూపాయంత చోటు నునుపు చేసి, ఆమ్లం పూసి, అసిటోనులో తడిపిన పల్చటి ప్లాస్టిక్ పొర అంటించి ఊడదీశాను. లోహపు అచ్చు ఆ పొర మీద పడుతుంది. కర్మాగారం పారేస్తుంటే కొనుక్కున్న సూక్ష్మదర్శిని ఇంట్లో ఉంది. దాని కింద పెట్టి చూశాను. నల్లటి మడులు కొంచెం చెదిరాయి, గట్ల మీద పూసలు అక్కడక్కడే ఉన్నాయి. అంత మంటలో అన్నేళ్లు నిలబడి కూడా ఒళ్లు చెడకుండా ఉన్న ఆ ఉక్కును చాలాసేపు చూస్తూ కూర్చున్నాను.

కావలసిన రెండు ముక్కలూ కలిపి నలభై కిలోలు. అందులో క్రోమియం తొమ్మిది వందల గ్రాములు, మాలిబ్డినం నాలుగు వందలు, కర్బనం నలభై. ఈ లెక్క ఆవిడకు చెప్పాను.

"నాలుగొందల గ్రాములకేనా గంత బలం? మా ఆయన గంతకన్న ఎక్కువ నెయ్యి తింటడు నెలకు. నీళ్ల బిందె లేపుమంటె లేపడు."

ఈసారి మూకుడు ఒరగకుండా గొట్టాలకు కాళ్లు అతికిద్దామనుకున్నాం. అతికేటప్పుడు జాగ్రత్త కావాలనీ, దీనికి వేరే వెల్డింగ్ కడ్డీలు పట్నం నుంచి తెస్తాననీ, అప్పటిదాకా ఆగమనీ చెప్పాను. నేను తిరిగి వచ్చేసరికి పని అయిపోయింది. పండగ ఆ వారంలోనే, ఆవిడ ఆగలేకపోయింది. మొయినాబాద్‌లో ఫాంహౌస్‌లకు గేట్లు చేసే వెల్డర్‌ని పిలిపించింది. గొట్టాలకు కాళ్లూ, అడ్డపట్టీలూ అతికి నిలబెట్టాడు. నేల తడిగా ఉంది.

"నీళ్లు పోశావా బాబూ?"

"పోయకుంటె ఎట్ల మేడం? రంగు ఏసెటోడు నా నెత్తి మీద నిలవడ్తడు. గేటు అతికినమా, బకీటు కుమ్మరించినమా, గంతే."

అతుకు మాత్రం ఎంత అందంగా ఉందంటే, నాణేలు ఒకదాని మీద ఒకటి వాల్చి పేర్చినట్టుంది. అలాంటి పనితనం కర్మాగారంలోనూ తక్కువమందిలోనే చూశాను. ఆ మాటే అన్నాను. తర్వాత అతుకు పక్కన ఆకురాయి పెట్టి గీశాను. పట్టు దొరకలేదు, గాజు మీద గీసినట్టు జారింది.

గేటు ఇనుముకు నీళ్లు పోస్తే ఏమీ కాదు. క్రోమియం, మాలిబ్డినం ఉన్న ఈ ఉక్కు అలా కాదు. అతుకు పక్కన ఎర్రగా కాగిన చోటు గబుక్కున చల్లారితే, లోపలి మడులన్నీ చెరిగిపోయి సూదులు గుచ్చినట్టు బిగుసుకుంటాయి. గట్టిదే, కానీ పెళుసు. తేమ నుంచి దూరిన హైడ్రోజన్ లోపలే కూర్చుంటుంది. అది తెచ్చే పగులు అప్పటికప్పుడు రాదు, కొన్ని గంటలకు బయటపడుతుంది.

"మొయినాబాద్‌ల నా గేటు ఒక్కటన్న ఊడిందా మేడం?" అన్నాడు వెల్డర్, నొచ్చుకుని.

"నీ గేటు నిప్పుల మీద కూసుంటదా అన్నా?" అంది ఆవిడ. నా వైపు తిరిగి మెల్లగా అడిగింది. "భట్టీ ముట్టియ్యాల్నా, వద్దా? దుకాణపోళ్లు ఫోన్ల మీద ఫోన్లు చేస్తున్నరు."

"రేపు పొద్దున దాకా ఆగు. ఏమీ కనబడకపోతే ఏం చేయాలో అప్పుడు చూద్దాం."

ఆవిడ తన పాదం వైపు చూసుకుంది. "సరే తీయ్," అంది.

మర్నాడు పొద్దున అతుకుల మీద కిరోసిన్ పూసి, శుభ్రంగా తుడిచి, పైన ముగ్గుపిండి చల్లాను. పగులు ఉంటే అందులో దాగిన కిరోసిన్ పైకి ఊరి, ముగ్గును తడుపుతుంది. ముగ్గురం వంగి చూస్తూ నిలబడ్డాం. మొదటి మూడు అతుకులు తెల్లగానే ఉన్నాయి. నాలుగో దాని అంచు వెంట, వెంట్రుక లాంటి తడి గీత మెల్లగా నడిచింది.

వెల్డర్ ఆ గీత వెంట గోరు పెట్టి లాగి చూశాడు. "గీత నిన్న లేదు మేడం," అన్నాడు.

"నిన్న లేదు. నీ చెయ్యి తప్పు కూడా కాదు. నీళ్లది."

అన్ని అతుకులూ పక్కనున్న లోహంతో సహా కోసేయించాం. గొట్టం పొడుగు సరిపోయింది. ఈసారి కొసలను ఊక నిప్పు మీద వేడి చేశాం. నా పాత పెట్టెలో వేడి కొలిచే సుద్ద ఒకటి మిగిలింది. దాని మీద రాసి ఉన్న వేడికి లోహం చేరగానే, ఆ సుద్దతో గీసిన గీత కరుగుతుంది. కరిగాకే అతకమన్నాను. నేను తెచ్చిన పొడి కడ్డీలతో వెల్డర్ ఆ వేడి మీదే, చెమటలు కారుతున్నా చెయ్యి ఆపకుండా అతికాడు. తర్వాత అతుకులను నిప్పుల్లో మసక ఎరుపు వచ్చేదాకా ఉంచాం. పెళుసుదనం విరిగేది అక్కడే. కర్మాగారంలో అయితే ఇంత చేసినా ఒప్పుకునేదాన్ని కాదు. ఇక్కడ ఆవిరి ఒత్తిడి లేదు, మోయాల్సింది బరువే.

మెల్లగా చల్లార్చడం మిగిలింది. కర్మాగారంలో అందుకు మంటకు కాలని ఉన్ని దుప్పట్లు మాకు ఉండేవి. వాన మబ్బులు పట్టాయి. నేను ఆలోచిస్తుంటే ఆవిడే అంది.

"ఇసుకల పెడ్దాం అమ్మా. కాగిన ఇసుక ఒక పట్టాన ఆరదు. పొద్దుమీకి కప్పిపెడ్తె తెల్లారి కూడ చెయ్యి కాలుతది."

మూకుడులో ఇసుక కాచి, అతుకులన్నిటి మీద కుప్పలు పోసింది. పైన పాత రేకులు కప్పాం. నాకు అంతకంటే మంచి ఉపాయం తోచేది కాదు.

మర్నాడు ఇసుక తవ్వితే ఇంకా గోరువెచ్చగా ఉంది. ఆకురాయి గీస్తే లోహం పట్టు ఇచ్చింది. ముగ్గు తెల్లగానే నిలిచింది. వెల్డర్ రెండుసార్లు చల్లి చూశాడు. మూడోసారి చల్లబోతే ఆవిడ చెయ్యి పట్టుకుంది. "ఇగ చాలు అన్నా, ముగ్గంత గొట్టానికే ఏస్తె నా వాకిట్లకు?"

ఆ పూటే భట్టీ వెలిగింది. పండగ సరుకు అందింది. కానీ ఒక్క పండగ నిలిస్తే చాలదు కదా. శ్రావణం పోయింది, వినాయకచవితి పోయింది. దీపావళి ముందు మళ్లీ వెళ్లాను. మూకుడు అంచు నుంచి అంచుకు దారం లాగి చూశాను. గొట్టం కుంగలేదు. ఆవిడ నా దారాన్ని పట్టించుకోకుండా, గుప్పెడు జొన్నలు ఇసుక మధ్యలో వేసింది. మధ్యలోనే పేలాయి.

నేను సంచీ పట్టుకుని నిలబడ్డాను. ఆవిడ భట్టీకి ఎదురుగా కూర్చుని జొన్నలు తిప్పుతోంది, రెండు కాళ్లూ మడిచి, బాసింపట్టు వేసుకుని.