మాచర్ల ఎక్స్ఛేంజిలో సాగిన సీసం

1986 వేసవిలో నన్ను మాచర్ల టెలిఫోన్ ఎక్స్ఛేంజికి పంపారు. అప్పుడు నేను హైదరాబాదులో ఒక బ్యాటరీ కంపెనీ డిజైన్ విభాగంలో ఇంజనీరుని. కరెంటు పోయినా ఊళ్ళో ఫోన్లు మోగాలంటే మేము చేసిన బ్యాటరీలే ఆధారం. పెట్టిన కొద్దికాలానికే వాటి మూతలు పగిలి, పాజిటివ్ కడ్డీలు పైకి తన్నుకొచ్చాయి. ఎక్స్ఛేంజి జూనియర్ ఇంజనీరు మస్తాన్ వలీ గారు డిస్టిల్డ్ వాటర్ సరిగా పోయలేదని మా కంపెనీ చెప్పింది. అది నమ్మి, ఆయన సొంత టెలిఫోన్ శాఖే సంజాయిషీ అడుగుతూ ఆయనకు ఛార్జి మెమో ఇచ్చింది.

బ్యాటరీ లోపలి సీసపు పలకలు ఎందుకు విరుగుతాయో లెక్క కట్టడం నా పని. పాజిటివ్ పలకలో ఎముకల గూడులాగా ఒక సీసపు జాలీ ఉంటుంది. వాడేకొద్దీ సీసం పైపొర ఆక్సైడుగా మారుతుంది. ఆక్సైడు ఎక్కువ చోటు ఆక్రమిస్తుంది కనుక జాలీ మెల్లగా సాగుతుంది. వేడి పెరిగితే ఇంకా సాగుతుంది. జాలీని లెక్కలో చిన్నచిన్న ముక్కలుగా విడగొట్టి, ఒక్కో ముక్క మీద పడే లాగుడును కంప్యూటరు చేత కట్టించాలి. దీన్నే ఫైనైట్ ఎలిమెంట్ పద్ధతి అంటారు. మా కంపెనీకి కంప్యూటరు లేదు. యూనివర్సిటీలో వంతు కోసం కాచుకునేదాన్ని. ప్రోగ్రాములో ఒక కామా తప్పినా మళ్ళీ మొదటికే. దానికి తోడు మా చీఫ్ డిజైనరు గది వేడి ఇరవై ఏడు డిగ్రీలు వెయ్యమన్నారు, స్టాండర్డు అదేనట. మే నెల మాచర్లలో ఇరవై ఏడు డిగ్రీలు ఎక్కడ దొరుకుతాయో ఆయన చెప్పలేదు. నేను అక్కడి వేడే వేశాను. జాలీ సాగి మూతను పైకి నెడుతుందని, కడ్డీకి అతికే చెవి దగ్గర విరుగుతుందని లెక్క తేలింది.

మస్తాన్ వలీ గారు నన్ను కుర్చీలో కూడా కూర్చోనివ్వకుండా మొదలుపెట్టారు. "నీళ్ళు పొయ్యలేదంటారేందమ్మా? మా ఇంట్లో తాగను లేని రోజు గూడా వీటికి పోశాను. చానా అన్నేయం గందా ఇది!"

ఆయనది తప్పో కాదో తేలాలంటే ఒక బ్యాటరీ విప్పాలి. శాఖవాళ్ళు విప్పితే గ్యారంటీ పోతుందని మా కంపెనీ అంది. కంపెనీ విప్పితే ప్రభుత్వ ఆస్తి పాడుచేసినట్టని శాఖ అంది. నేను ఇద్దరి మధ్యా తిరుగుతూనే ఉన్నాను. చివరికి నరసరావుపేట నుంచి డివిజనల్ ఇంజనీరు వచ్చారు. ఆ ప్రాంతపు జూనియర్ ఇంజనీర్లందరికీ పైఅధికారి ఆయనే. మా చీఫ్ కూడా దిగారు. ఇద్దరూ మళ్ళీ రూల్సు ఎత్తగానే నాకు ఓపిక నశించింది. "ఇద్దరూ ఇక్కడే ఉన్నారు, చెరో చెయ్యి వేసి కోయించండి" అన్నాను. డివిజనల్ ఇంజనీరు నవ్వి మూత కోయించారు.

పలకలు నా లెక్క చెప్పినంత పెరిగాయి. అయితే విరిగింది చెవి దగ్గర కాదు, నడుమ.

"చూశావా, నీ కంప్యూటరు తప్పు. కాబట్టి నీళ్ళు పొయ్యలేదనేదే నిజం" అన్నారు మా చీఫ్.

ఒళ్ళు మండిపోయింది. నీళ్ళు తగ్గి పైభాగం ఎండితే పలక మీద తెల్లటి సల్ఫేటు కడుతుంది. ఏ పలక మీదా అది లేదు. చూపించాను. "అది వేరే విషయం" అన్నారాయన. వేరే విషయం ఏమిటో ఈ రోజుకీ నాకు తెలియదు.

విరిగిన ముక్కను హైదరాబాదులో సూక్ష్మదర్శిని కింద పెట్టాక సంగతి అర్థమైంది. సీసం ఒకే ముద్ద కాదు, కంటికి కనపడని రేణువుల కూర్పు. తుప్పు ఆ రేణువుల సరిహద్దుల వెంట తినుకుంటూ పోయింది, అలా తినేసిన చోటే పలక విరిగింది. నా లెక్క సీసాన్ని అంతటా ఒకేలా ఉండే లోహమనుకుంది. రేణువులను విడివిడిగా లెక్కించే శక్తి మాకు దొరికిన కంప్యూటరుకు లేదు. ఈ సంగతంతా రిపోర్టు రాసిచ్చాను. చీఫ్ దాన్ని పక్కన పెట్టారు.

మెమో రద్దయింది గానీ నా రిపోర్టు వల్ల కాదు. గురజాల ఎక్స్ఛేంజిలోనూ అవే బ్యాటరీల మూతలు లేచాయి. అక్కడ వేరే ఇంజనీరు ఉన్నాడు కనుక ఇద్దరూ నీళ్ళు పొయ్యలేదనడం కుదరలేదు. అయితే ఆ మెమో చూసి వేసిన బదిలీ మాత్రం రద్దు కాలేదు. మస్తాన్ వలీ గారు పిల్లల బడి మాన్పించి అచ్చంపేట వెళ్ళారు. మా కంపెనీ కొత్త బ్యాటరీల్లో జాలీ మందం పెంచి, మూత కింద ఖాళీ వదిలింది. ఎందుకని ఎవరికీ చెప్పలేదు.

ఎందుకు విరుగుతుంది, ఎక్కడ విరుగుతుంది అనేవి రెండు ప్రశ్నలు. ఆ తరువాత రిటైరయ్యేదాకా ప్రతి రిపోర్టులో వాటికి జవాబులు వేరువేరు పేజీల్లో రాశాను. రెండో జవాబు తప్పయితే, దాన్ని చూపించి మొదటిదాన్ని చెత్తబుట్టలో వేసేవాళ్ళు ఎప్పుడూ ఉంటారు.