కుంపటి పెట్టిన పురిటి గది

మొన్న ఫ్యాను రెగ్యులేటరు కొందామని పోర్ట్ బ్లెయిర్‌లో బతు బస్తీ బజారుకి వెళ్తే, కొట్టతను నాకు రూమ్ హీటరు అంటగట్టబోయాడు. ఏడాది పొడుగునా జాకెట్టు వీపుకి అంటుకుపోయే మా ఊళ్లో హీటరు! వేరే సరుకుతో పాటు పొరపాటున వచ్చిందట. చలికాలంలో ఢిల్లీ వైపు వెళ్లే ఉద్యోగస్తులెవరైనా కొనకపోతారా అని ముందు వరసలో పెట్టుకున్నాడు. "లే జావో దీదీ, కరెంటు బిల్లు అస్సలు రాదు. చేత్తో పట్టుకుని ఏ గదికైనా తీసుకుపోవచ్చు. తలుపులు, కిటికీలు గట్టిగా మూసేసి స్విచ్చి వేశారంటే పది నిమిషాల్లో కమరా అంతా గరమ్" అన్నాడు. అంతవరకూ నవ్వుతూనే విన్నాను గానీ, మూసేసి అన్న మాట దగ్గర నా నోరు ఊరుకోలేదు. "మూసేయడమేమిటయ్యా? కిటికీ తెరిచి ఉంచమని చెప్పు కొన్నవాళ్లకి!" అని అరిచాను. పాపం, బిత్తరపోయాడు. ఇది కరెంటుది కదా దీదీ, పొగ రాదు అని నసిగాడు. అతని మాటా నిజమే. అయినా నేనక్కడ ఆగలేదు. రెగ్యులేటరు సంగతి మరిచిపోయి, బస్సెక్కి డిగ్నాబాద్‌లో ఇంటికొచ్చి పడ్డాను.

నా పెళ్లయిన కొత్తలో మేము బాంబూఫ్లాట్‌లో ఉండేవాళ్లం. చెక్క గోడలు, రేకుల కప్పు, ముందు వల ఆరేసుకునేంత వరండా. మా ఆయనకి చేపల పడవ ఉండేది. ఆయన పదేళ్లవాడుగా ఉన్నప్పుడు మా అత్తగారు శ్రీకాకుళం వైపు సముద్రపొడ్డున ఉన్న ఊరొదిలి, ఓడెక్కి ఈ దీవులకి వచ్చేసింది. ఊరు మారింది, నీరు మారింది, బజారుకి పోతే హిందీ కూడా వచ్చింది గానీ, ఇంట్లో మాత్రం ఆవిడ అన్నదే శాసనం. గంజి ఎంత పలచగా ఉండాలి దగ్గరనుంచి, నేను ఏ పక్కకి తిరిగి పడుకోవాలి దాకా ఆవిడే చెప్పేది. నాకూ నోరు తక్కువేం కాదు. మేమిద్దరం ఎదురుపడితే మా ఆయన వల బాగుచేసే పని గుర్తొచ్చినట్టు వరండాలోకి పోయేవాడు.

నాకు తొలిచూలు. ఎనిమిదో నెల నిండకుండానే, ఆషాఢంలో, ముసురు పట్టిన మూడో రోజున నొప్పులొచ్చాయి. పెద్దాసుపత్రి ఉన్నది నీటికి అవతల, పోర్ట్ బ్లెయిర్‌లో. గాలివాన మూలంగా ఫెర్రీ ఆపేశారు. మా వీధి చివర డిస్పెన్సరీలో ఉండే సిస్టర్ వచ్చి ఇంట్లోనే పురుడు పోసింది. మగపిల్లాడు. మా ఆయన అరచేతిలో తల పెట్టుకుంటే పాదాలు మోచేతి దాకా కూడా రాలేదు. ఏడుపైతే పిల్లికూన కూత. సిస్టర్ వాడి పాదాలు పట్టుకు చూసి మొహం ముడుచుకుంది. "ఠండా హై. ఫెర్రీ నడిచేదాకా చలి తగలనివ్వకండి. గది గరమ్‌గా ఉంచండి. చలి తగిలితే ఈ పిల్లాడు దక్కడు" అంది. ఎలాగో అడిగేలోపు ఎవరికో దెబ్బ తగిలిందని పిలుపొస్తే గొడుగు పట్టుకుని పరిగెత్తింది.

ఇక మొదలైంది మా ఇంట్లో రభస. పడవలోని కిరసనాయిలు స్టవ్వు వెలిగిస్తే వత్తుల పొగకి పిల్లాడు తుమ్మాడు, దాన్ని బయట పెట్టేశాం. గుట్ట మీద బంగళాలో ఉత్తరాదినుంచి వచ్చిన ఒక ఆఫీసరు కుటుంబం ఉండేది. వాళ్ల దగ్గర కరెంటు హీటరు ఉందని మా ఆయనకి తెలుసు. అండమాన్‌కి హీటరు తెచ్చుకున్నారని ఊరంతా నవ్వుకున్న వస్తువది. ఆ వానలో గుట్టెక్కి, వాళ్లని బతిమాలి, రెయిన్‌కోటు తను వేసుకోకుండా దానికి చుట్టి తెచ్చాడు. తీగ ఎర్రబడింది. నలుగురం దేవుణ్ణి చూసినట్టు చూశాం, పిల్లాడితో కలిపి. రెండు నిమిషాలు కాలేదు, మొత్తం వీధికే కరెంటు పోయింది. "సాల్లే సంబడం! ఇనప తీగతో పురిటి గదికి వేడొత్తాదేటి? కుంపటెట్టండి. కొబ్బరి సిప్పల బొగ్గులు ఊరికే పడున్నాయి, పైసా కర్సు నేదు. మంచం కిందకి తోసుకోవచ్చు, మూలకి జరుపుకోవచ్చు" అంది అత్తగారు. ఎంత వెతికినా అంతకంటే చవకైనది, వీలైనది మాకు దొరకలేదు. మొదటిసారి నేను కూడా ఆవిడ మాటకి తలూపాను.

కుంపటి పెట్టినా ఈదురుగాలికి గోడ సందుల్లోంచి చలి కొడుతూనే ఉంది. అప్పుడు మా ఆయన తనకొచ్చిన విద్య బయటికి తీశాడు. పడవ చెక్కల మధ్య నీళ్లు రాకుండా కొబ్బరి పీచు కూరి, నూనెలో కాచిన గుగ్గిలం పూస్తారు కదా, ఆ పని మా గది గోడలకి చేశాడు. ఒక్క సందు వదల్లేదు. కిటికీకి పాత తెరచాప గుడ్డ పెట్టి మేకులు కొట్టాడు. గడప కింద గోనెలు దూర్చాడు. పొద్దున్న మొదలెట్టి మధ్యాహ్నానికి ముగించి, చేతులు దులుపుకుంటూ "ఇంక సూడు, ఈ గదిని సముద్రంలో ఒదిలేసినా సుక్క నీరు రాదు" అన్నాడు. ఎంత గర్వంగా అన్నాడో! నాకూ ముచ్చటేసింది. ఆయన వరండాలోకి వెళ్లగానే అత్తగారు కుంపట్లో ఇంకో దోసెడు బొగ్గులు పోసి, గాలికి తలుపు కొట్టుకోకుండా లోపల గొళ్లెం పెట్టి, మంచం పక్కన కూర్చుంది.

గది నిజంగానే వెచ్చబడింది. పిల్లాడి మూలుగు ఆగింది. "సూడే పిల్లా, బుగ్గలెలా ఎరుపెక్కినాయో" అంది అత్తగారు, గోడకి జారబడి. చూశాను. మందారాలే. హమ్మయ్య, గండం గడిచిందనుకున్నాను. నాకు కణతలు పోటెత్తుతున్నాయి, కడుపులో తిప్పుతోంది. బాలింత నీరసం కాబోలు అనుకున్నాను. అత్తగారి తల ఒక పక్కకి వాలిపోయింది. పాపం, రెండు రోజులుగా నిద్ర లేదు కదా అనుకున్నాను. ప్రతిదానికీ నా దగ్గర ఒక మంచి కారణం ఉంది. పిల్లాడికి పాలు పట్టే వేళయిందని తెలుస్తోంది, చెయ్యి మాత్రం లేవడం లేదు.

వరండాలో సిస్టర్ గొంతు వినిపించింది. అందరూ నిద్రపోతున్నారు సిస్టర్, గది బాగా వెచ్చగా ఉంది అంటున్నాడు మా ఆయన. నేను పలుకుదామంటే నాలుక కదల్లేదు. వెళ్లిపోకు తల్లీ, వెళ్లిపోకు అని లోపల్లోపల మొత్తుకుంటున్నాను. సిస్టర్ తలుపు మీద కొట్టింది. తర్వాత గోడ తడిమినట్టుంది, "యే క్యా హై? సందులన్నీ మూసేశావా? అందర్ ఆగ్ హై?" అంది. "కుంపటుంది" అన్నాడాయన. "తోడో! దర్వాజా తోడో!" అని ఆవిడ పెట్టిన కేక ఇప్పటికీ నా చెవుల్లో ఉంది. వానకి ఉబ్బిన తలుపు, లోపల గొళ్లెం. ఆయన భుజంతో ఒకసారి గుద్దాడు, రెండుసార్లు గుద్దాడు. మూడోసారికి గొళ్లెం ఊడి, తలుపుతో పాటు లోపల పడ్డాడు.

వరండాలో తడి చెక్కల మీద నన్నూ, అత్తగారినీ పడుకోబెట్టారు. చల్లగాలి తగిలాక నాకు ముందు కనిపించింది సిస్టర్ వీపు. పిల్లాడి మీద వంగి, వాడి నోటి మీద తన నోరు పెట్టి మెల్లగా ఊదుతోంది. మళ్లీ ఊదుతోంది. మా ఆయన రెండు చేతులూ నెత్తిన పెట్టుకుని నిలబడిపోయాడు. నాకు ఏడుపు కూడా రాలేదు. నా కొడుకుని నేనే ఆ గదిలో పెట్టుకుని, రంగు చూసి మురిసిపోయాను కదా అన్న ఒక్కటే మాట తలలో తిరుగుతోంది. ఎంతసేపో తెలియదు. చివరికి వాడు దగ్గాడు. కీచుమని ఒకసారి, మళ్లీ ఒకసారి. ఈసారి గట్టిగా ఏడ్చాడు. అప్పుడు నేనూ ఏడ్చాను.

సిస్టర్ ఖాళీ సీసాలు తెమ్మంది. చేపలవాళ్ల వీధిలో రమ్ము సీసాలకి కరువా? వాటిలో వేడినీళ్లు పోసి, బిరడాలు బిగించి, పాత లుంగీలు చుట్టి, గంపలో మెత్తలు వేసి, పిల్లాడికి రెండు పక్కలా పెట్టింది. కిటికీకి కొట్టిన తెరచాప గుడ్డ పీకించింది. తాళ్లు లాగి లాగి కాయలు కాసిన మా ఆయన చేతులకి వేడి తెలియదు. అందుకని ప్రతి సీసానీ బుగ్గకి ఆనించి చూసి మరీ లోపల పెట్టేవాడు. ఫెర్రీ నడిచేదాకా రెండు రోజులు ఆయన ఆ గంప దగ్గరనుంచి లేవలేదు. పిల్లాడు బతికాడు. చదువుతున్న మీరు కంగారు పడకండి. వాడికిప్పుడు బట్టతల, బీపీ, నా మీద పెత్తనం అన్నీ ఉన్నాయి.

ఆ గంప సర్దాక, అదే మధ్యాహ్నం సిస్టర్ మమ్మల్ని కూర్చోబెట్టి చెప్పింది. బొగ్గులు మండితే గాలిలో విషం పుడుతుందట, రంగూ వాసనా ఉండవట. మూసిన గదిలో ముందుగా పోయేది పసివాళ్లేనట. ఒక్కోసారి బుగ్గలు ఎర్రబడతాయట, మంచి రంగు వచ్చిందని తల్లులు పొరపడతారట. వరండా స్తంభానికి ఆనుకుని వాంతి చేసుకుంటున్న మా అత్తగారు తలెత్తింది.

"బుగ్గలెర్రగా అయిపోతాయా, సిస్టరూ?"

"హా, మాతాజీ."

ఆవిడ కొంగుతో మూతి తుడుచుకుంది. "మా పెద్దోడికీ అలాగే అయినాయి. వాడి తరవాత పుట్టిన ఆడగుంటకీ అయినాయి. ఇద్దరూ పుష్యమాసంలోనే పుట్నారు. సలి లాక్కుపోనాదన్నారు అందరూ. అందుకని రెండోసారి నాను రెండు కుంపట్లెట్టినాను." తర్వాత మా ఆయనకేసి చూపించింది. "ఈడు వైశాఖంలో పుట్నాడు. ఈడికి కుంపటెట్నేదు."

తనకంటే ముందు ఇద్దరు పుట్టారని మా ఆయనకి అంతవరకూ తెలియదు. బుగ్గ దగ్గర సీసా అలాగే పట్టుకుని ఉండిపోయాడు. సిస్టర్ ఆవిడ పక్కన కూర్చుని, "నహీ మాతాజీ, వాళ్లు చలికే పోయి ఉంటారు" అంది. "ముసిల్దాన్నమ్మా, పిచ్చిదాన్ని కాదు" అంది మా అత్తగారు. నాకు తెలిసి ఎప్పుడూ కంటతడి పెట్టని మనిషి, ఇద్దరి పేర్లూ పిలుచుకుంటూ వల మీద పడి ఏడ్చింది. జరిగిపోయిందేదో జరిగిపోయింది అంటారు గానీ, ముప్పై ఏళ్ల కిందట జరిగింది మా అత్తగారికి ఆ మధ్యాహ్నమే జరిగింది.