మామిడికుదురు మేడ మీద గురుగ్రహం

ఫిబ్రవరిలో ఒక శనివారం పొద్దున్నే విజయవాడలో రాజోలు బస్సెక్కాను. చేతిసంచిలో రూపాయి బిళ్ళంత నల్ల గాజు ఫిల్టరు. కంటికి ఆనని పరారుణ కాంతిలో, మీథేన్ వాయువు మింగేసే వెలుగును మాత్రమే అది లోపలికి వదులుతుంది. నా కెమెరా సెన్సారు ఆ వెలుగుకు దాదాపు గుడ్డిది. మామిడికుదురులో రిటైరైన సైన్సు టీచరు కరుణమ్మ గారి కెమెరాకు అది బాగా ఆనుతుంది కాని, ఆవిడ దగ్గర ఫిల్టరు లేదు. మాది ఫోను పరిచయమే. ఆదివారమే ఆవిడ కువైట్‌లో కూతురి దగ్గరికి వెళ్ళిపోతున్నారు. గురుణ్ణి ఆ వెలుగులో ఫొటో తీయడానికి మాకున్నది ఆ ఒక్క సాయంత్రం.

పాలకొల్లు దాటాక పక్కసీటాయన నా చేతిలో గాజు చూసి వెల్డింగు అద్దమా అని అడిగాడు. కిటికీకి అడ్డం పెట్టి, "ఏం కనపట్టం లేదండీ" అన్నాడు. అదే దాని గొప్పదనం అన్నాను. "ఆయ్" అని మర్యాదగా తిరిగిచ్చేశాడు.

రాజోలులో బస్సు మారి నాలుగింటికి చేరాను. కరుణమ్మ గారు పనసాకు బుట్టల్లో ఇడ్లీపిండి పోసి ఉడికించిన పొట్టిక్కలు పెట్టి, తినేలోపే మేడెక్కించారు. కెమెరాకు పరారుణం ఆనుతోందో లేదోనని టీవీ రిమోట్ దానికేసి నొక్కితే, మా కళ్ళకు కనపడని వెలుగు ల్యాప్‌టాప్ తెర మీద తెల్లగా మెరిసింది. వంతులేసుకుని నొక్కాం.

పొద్దుగూకేసరికి మబ్బు పట్టింది. ఆరిన బట్టలకొచ్చిన పక్కింటి సత్యవతి గారు కూడా మాతోపాటు ఆకాశం చూస్తూ కూర్చున్నారు. ఏడు దాటాక మబ్బు చీలింది. టెలిస్కోపుకు ఫిల్టరూ కెమెరా బిగించి గురుడి వైపు తిప్పాం.

తెర మీద గురుడు నల్లగా వచ్చాడు. ధ్రువాల దగ్గర తెల్లటి టోపీలు, ఒక పక్క పెద్ద ఎర్రమచ్చ అనే తుఫాను ముత్యంలా తెల్లగా. లోతున పడ్డ వెలుగంతా మీథేన్ మింగేసింది. ఎత్తయిన పొగమంచు మాత్రం మెరుస్తోంది. మీథేనంటే మన ఊరి కింద తవ్వి తీసే గ్యాసేనని, అదే అక్కడా ఉందని కరుణమ్మ గారు చెప్పారు.

"అయితే అక్కడా రిగ్గు దింపుతారన్నమాట" అన్నారు సత్యవతి గారు.

మేం నవ్విన నవ్వుకు టెలిస్కోపు కదిలి గురుడు తెర దాటిపోయాడు. మళ్ళీ పట్టుకున్నాక కరుణమ్మ గారు చెంగుతో కళ్ళద్దాలు తుడుచుకున్నారు.

"ముప్పై ఏళ్ళు నల్లబల్ల మీద గీసేనండీ. ఇలా ఉంటాడనుకోలేదు."

ఆదివారం పొద్దున తిరుగు బస్సులో నాలో నేనే నవ్వుకుంటుంటే, పక్కనున్న పెద్దావిడ ఎందుకని అడిగారు. ఫోన్లో గురుడి ఫొటో చూపించాను. ఈ వెలుగు అక్కణ్ణుంచి మామిడికుదురు రావడానికి అరగంట పైనే పడుతుందని, దారిలో ఎక్కడా ఆగదని చెప్పాను. ఇంత సంబరం నాకు ఏ ప్రయాణంలోనూ కలగలేదు.

"అంత దూరం నుంచి మన ఊరొస్తే, కాస్త కాఫీ అయినా ఇచ్చేరా అండీ?"

లేదండీ, పట్టుకుని ఫొటో తీశామంతే అన్నాను. పెద్దావిడకు మా మర్యాద ఏం నచ్చలేదు.