సిమెంటు పెట్టని బండ

వికారాబాద్‌లో మేముంటున్న వీధిలో ఎవరో కొత్త ఇల్లు కడుతున్నారు. వరండాకు పరచడానికి తెచ్చిన తాండూరు బండలను నాలుగు రోజులుగా మిషన్ మీద కోస్తున్నారు. నీళ్లు పోస్తూ రాయిని కోస్తున్నప్పుడు లేచే ఆ పచ్చి బూడిద వాసన కిటికీలు మూసినా ఆగడం లేదు, మంచం మీది దుప్పట్లకు కూడా పట్టింది. అది మా నాయిన చొక్కా వాసన.

నాయిన పేరు దేవదాసు. తాండూరులో బండలకు పాలిష్ పట్టే పని చేసేవాడు. మా గల్లీ మోరీల్లో నీళ్లు ఎప్పుడూ బూడిద రంగులోనే పారేవి. ఎండాకాలం వచ్చిందంటే ఆ బురద ఎండి, గాలికి లేచి, ఆరేసిన బట్టల మీద, పెనం మీది జొన్నరొట్టెల మీద, మా కనురెప్పల మీద కూడా సన్నగా పడేది. విరిగిన బండ ముక్కలతోనే మేం ఆడుకునేవాళ్లం. నీలివి పళ్లేలు, పసుపువి రొట్టెలు. నాకు ఎనిమిదేళ్లు, చెల్లె సునీతకు నాలుగు. అది రాతి రొట్టెను నిజంగానే కొరికి, పళ్లు జివ్వుమనగానే నేనేదో మోసం చేసినట్టు నావైపు చూసేది.

ఈస్టర్‌కు ముందు వచ్చే నలభై శ్రమదినాల్లో మా ఇళ్లలో మాంసం వండేవారు కాదు. కందిపప్పు, చింతచిగురు, పచ్చిపులుసులతోనే రోజులు గడిచేవి. రోజుకో ఇంట్లో సాయంత్రం ప్రార్థన, అది అయ్యాక తలా గుప్పెడు ఉడకబెట్టిన శనగ గుడాలు. అంతదాకా ఆగలేక చెల్లె, కళ్లు మూసుకున్న పెద్దల మధ్య నుంచి పాక్కుంటూ పోయి గిన్నెలో చెయ్యి పెట్టేది. అమ్మ ఒక కన్ను తెరిచి, “ఆమెన్ అనేదాంక ఆగవే దొంగదానా” అని గొణిగేది. పక్కనున్న ఆడవాళ్లు కొంగులు అడ్డం పెట్టుకుని నవ్వేవారు.

ఆ ఏటి శ్రమదినాల్లోనే చెల్లెకు జ్వరం వచ్చింది. మూడో రోజు పొద్దున అది లేవలేదు. పండుగకని ఒకే తానులోంచి కోయించి కుట్టడానికి ఇచ్చిన రెండు పసుపుపచ్చ గౌన్లను, సంగతి తెలియని దర్జీ తర్వాతి వారం ఇంటికి తెచ్చి ఇచ్చాడు. అమ్మ రెండింటినీ మడిచి పెట్టెలో పెట్టింది.

ఈస్టర్ ముందు శనివారం సాయంత్రానికల్లా ఎవరింటి సమాధులను వాళ్లు బాగు చేసుకోవడం మా వాళ్ల ఆచారం. పాతవైతే గడ్డి పీకి సున్నం వేస్తారు. కొత్తదైతే బండ వేసి, కదలకుండా చుట్టూ సిమెంటు పెడతారు. నాయిన పని దిగాక కూడా ఆగి పది రోజుల పాటు ఒకే నీలి బండను పాలిష్ పట్టాడు. చివరికి అందులో ఆయన ముఖం కనిపించేది.

ఆ వారమే సండేస్కూల్లో టీచరమ్మ కథ చెప్పింది. తెల్లవారకముందే స్త్రీలు ఏసయ్య సమాధికి బయల్దేరారట. అంత పెద్ద రాయిని ఎవరు జరుపుతారా అని దారి పొడవునా దిగులుపడ్డారట. తీరా వెళ్లి చూస్తే రాయి పక్కకు దొర్లి ఉందట. ఆయన లేచాడు కనుక మన వాళ్లందరూ లేస్తారు అని ఆమె ముగించింది. వచ్చే ఆదివారమే లేస్తారని నేను అనుకున్నాను.

శనివారం నాయిన, ఆయనతో పనిచేసే చాంద్ భాయ్, బండను తోపుడుబండి మీద సమాధుల తోటకు తెచ్చారు. సిమెంటు కలిపి పెట్టారు. అప్పుడు అడిగాను.

“నాయినా, గింత బరువు బండ ఏస్తే చెల్లె ఎట్ల లేస్తది? దానికి కూరగిన్నె మూత తీసుడే రాకపోయె.”

నాయిన చేతిలోని తాపీ ఆగిపోయింది. నా ముఖంలోకి చూశాడు, మట్టి వైపు చూశాడు. తర్వాత కలిపిన సిమెంటును పక్కకు నెట్టి, బండను వట్టి మట్టి మీదే దింపించాడు.

“అరే దేవదాస్, దునియాకంత బండలు పరిచినవ్, బిడ్డ కాడికొస్తే సిమెంటు మరిసినవా?” అన్నాడు చాంద్ భాయ్.

“మరువలే భాయ్. ఉండనియ్ గట్లనే.”

“వానలకు కుంగుతది రా.”

“కుంగనియ్. మళ్ల సరిజేస్త.”

చాంద్ భాయ్ ఇంకేదో అనబోయి నన్ను చూశాడు. తువ్వాలతో ముఖం తుడుచుకుని, కలిపిన సిమెంటును ఎత్తి దూరంగా పారబోశాడు.

ఈస్టర్ నాడు మసక వెలుతురులోనే డోలకులు, కంజీరలు వాయిస్తూ, కొవ్వొత్తులకు చేతులు అడ్డం పెట్టుకుంటూ అందరం యాలాల్ దారిలో సమాధుల తోటకు నడిచాం. తూర్పు ఎర్రబడుతుండగా పాస్టరయ్య “క్రీస్తు లేచెను” అన్నాడు. తోటంతా “నిజముగా లేచెను” అంది. నేను అనలేదు. బండనే చూస్తున్నాను. చెల్లె గౌను నా గౌను లోపల పొట్టకు కట్టుకుని ఉన్నాను, అది లేవగానే తొడగాలి కదా. వెలుగొచ్చింది. బండ మీద చీమలు తిరుగుతున్నాయి. జనం ఒకరినొకరు కౌగిలించుకుని, ప్రార్థన గుడి దగ్గర ఉడుకుతున్న బగారన్నం కోసం కదిలారు.

“నడువే, అందరు పోతుండ్రు” అంది అమ్మ.

“చెల్లె రానియ్” అని గౌను తీసి చూపించాను.

అమ్మ నా ముందు కూర్చుంది. గౌనును తీసుకుని ముఖానికి అదుముకుంది.

“ఇయ్యాల కాదు బిడ్డా.”

“మరెన్నడు? ఏసయ్య మూడు దినాలకే లేచె గద?”

“అందరం ఒక్కపారే లేస్తం. అదొక్కతే ముందుగాల లేస్తే, మనమెవ్వరం కానరాక ఏడ్వదా?”

ముప్పై ఏళ్ల పత్రిక ఉద్యోగంలో ఈస్టర్ వార్తలు ఎన్నో రాశాను, మరణాన్ని జయించడం గురించి గొప్ప ప్రసంగాలెన్నో విన్నాను. పునరుత్థానం గురించి నాకు తెలిసింది మాత్రం ఆ ఒక్క మాటే. అమ్మ నమ్మి చెప్పిందో, నన్ను ఇంటికి తీసుకుపోవడానికి చెప్పిందో ఇప్పటికీ తెలియదు. నేను మాత్రం నమ్మాను.

నాయిన బతికినంత కాలం ప్రతి ఈస్టర్‌కూ కుంగిన బండను ఎత్తి సరిచేశాడు. సిమెంటు మాత్రం పెట్టలేదు. రాతిపొడి ఆయన ఊపిరితిత్తులను తినేశాక, చెల్లె పక్కన చోటు లేక, తోటకు ఆ చివర పెట్టాం. రెండేళ్ల క్రితం అమ్మ పోయేనాటికి అక్కడ అసలే చోటు లేదు. ఆమె ఇక్కడ, వికారాబాద్‌లో ఉంది.

ఈసారి ఈస్టర్‌కు చాలా ఏళ్ల తర్వాత తాండూరు వెళ్లాను. తెల్లవారుజామున నడిచే గుంపు లేదు. ఏడున్నరకు ఫంక్షన్ హాల్లో పెద్ద స్పీకర్లతో ఆరాధన, తర్వాత కేకు. శనివారం సున్నం బకెట్లతో వచ్చే ఇళ్లు అయిదారు మిగిలాయట. ఒక్కదాన్నే తోటకు వెళ్లాను. సిమెంటు పెట్టిన సమాధులన్నీ ఉన్నాయి. మా చెల్లె బండ లేదు. ఎవరో ఎత్తుకుపోయి ఏ వాకిట్లోనో పరుచుకుని ఉంటారు. రాయి కనబడకపోవడం సంతోషవార్త అయిన కథ నాకు చిన్నప్పటి నుంచీ తెలుసు. ఇక్కడ మాత్రం మోకాలెత్తు గడ్డిలో చెల్లె ఏ చోట ఉందో కూడా గుర్తుపట్టలేకపోయాను.

అక్కడ ఆకులు ఊడుస్తున్న ఒకామె నన్ను చూసి దగ్గరికొచ్చింది.

“ఎవరి కోసమమ్మా దేవులాడుతున్నవ్?”

“మా చెల్లె.”

“ఎంత వయసుంటది?”

“నాలుగేండ్లు.”

ఆమె నా తెల్లజుట్టు వైపు చూసింది. ఇంకేమీ అడగకుండా చీపురు కింద పెట్టి, కొంగు బొడ్లో దోపుకుని, నాతో పాటు గడ్డి పక్కకు తీయడం మొదలుపెట్టింది.